ఎవరి ఎముక, ఎవరి కవిత?

అక్షరాలతో బొమ్మ కట్టడం మనకు కొత్త కాదు. నాగబంధం, పద్మబంధం, చక్రబంధం అంటూ పద్యాన్ని ఒక ఆకారంలో ఇమిడ్చిన చిత్రకవులు మనకు ఎప్పుడో ఉన్నారు. ఫ్రెంచిలో అపొలినేర్ ‘కాలిగ్రామ్స్’ 1918లో వచ్చింది. ఇవాళ దృశ్యకవిత చేసేవాళ్ళకి పాములకన్నా, పద్మాలకన్నా పక్కటెముకలు ఎక్కువ పిలుస్తున్నట్టు అనిపిస్తే అందులో వింతేమీ లేదు. పుర్రె బొమ్మ లోపల పదాలు పేర్చొచ్చు, రక్తనాళాల వెంట ఒక వాక్యాన్ని పారించొచ్చు. అస్థిపంజరం పుట్టినప్పట్నుంచీ మనలోనే ఉంటుంది, కానీ దాన్ని మనం కళ్ళారా చూడం. చూశామంటే చావును కాస్త ముందుగా చూసినట్టే. కవిత్వానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాకపోతే, ఆ పక్కటెముకలు ఎవరివి?

ఈ తరహా బొమ్మలన్నిటికీ పెద్దదిక్కు ఆండ్రియాస్ వెసాలియస్ శరీర నిర్మాణ గ్రంథం. 1543లో బాసెల్‌లో అచ్చయింది. అందులో ఒక అస్థిపంజరం సమాధి మీద మోచెయ్యి ఆనించి, ఎదురుగా ఉన్న పుర్రెను చూస్తూ ఆలోచనలో పడి ఉంటుంది. చర్మం ఒలిచిన మనుషులు కొండల ముందు, ఊళ్ళ ముందు ఠీవిగా నిలబడి ఉంటారు. వాళ్ళ కండరాల మీద చిన్న చిన్న అక్షరాలు ఉంటాయి. ఏ భాగం గురించి పుస్తకంలో ఎక్కడ చదవాలో చెప్పే గుర్తులవి. దేహం మీద అక్షరం అన్నమాట. దృశ్యకవిత అని ఎవరూ అనలేదు గానీ, అది అదే.

ఆ దేహాలు మాత్రం ఠీవిగా రాలేదు. మరణశిక్ష పడినవాళ్ళ శవాలు కొన్ని, సమాధుల్లోంచి దొంగచాటుగా తెచ్చినవి కొన్ని. లూవెన్ ఊరిబయట ఉరికొయ్యకు వేలాడుతున్న అస్థిపంజరాన్ని రహస్యంగా ఇంటికి చేర్చుకున్న సంగతి వెసాలియసే రాసుకున్నాడు. అధ్యాయాల మొదట్లో ఉన్న అలంకార అక్షరాల్ని దగ్గరగా చూడండి. వాటిలో బొద్దుగా ఉన్న పసిపిల్లలు శవాలు మోస్తూ, కోస్తూ కనిపిస్తారు. పుస్తకం తన రహస్యాన్ని తన అక్షరాల్లోనే దాచుకుంది.

కాటి దగ్గర రాజూ పేదా ఒకటే అంటాం. పుర్రె మీద కవిత రాసేవాళ్ళు చెప్పే మాట కూడా దాదాపు ఇదే. చావు విషయంలో అది నిజమే కావచ్చు, కోతబల్ల విషయంలో కాదు. ఇంగ్లండులో 1832 నాటి అనాటమీ చట్టం, ఎవరూ తీసుకెళ్ళని పేదల శవాల్ని వైద్య పాఠశాలలకు అప్పగించింది. మన రాష్ట్రాల అనాటమీ చట్టాల్లోనూ ‘అనాథ శవం’ అన్న మాట ఉంది. ప్రభుత్వం 1985లో నిషేధించేదాకా ప్రపంచపు వైద్యకళాశాలలకు అస్థిపంజరాలు పెద్ద ఎత్తున వెళ్ళింది ఇక్కణ్ణుంచే, ముఖ్యంగా కలకత్తా నుంచి. ‘దిక్కులేని చావు చస్తావ్’ అన్నది మన భాషలో ఎందుకంత పెద్ద తిట్టో ఇక్కడ తెలుస్తుంది. ‘మనమందరం ఇంతే’ అని కవిత అంటున్నప్పుడు, ఆ ‘అందరి’ తరఫున బల్లమీద పడుకున్నది ఎప్పుడూ ఒకే రకం మనుషులు.

చనిపోయినవాళ్ళకి ఇంకా బాధేముంటుంది అనొచ్చు. కానీ ఆ మాటను మనమే నమ్మం. నమ్మితే తండ్రి చివరికోరిక తీర్చడానికి అంత పాకులాడం. పోయినవాళ్ళకి ఇచ్చిన మాట తప్పితే తప్పే అనుకుంటాం. అడగకుండా వాడుకోవడమూ అలాంటిదే.

ఇంకో వాదన కాస్త గట్టిది. వియన్నాలో ఎడ్వర్డ్ పెర్న్‌కాఫ్ అనే నాజీ తయారుచేయించిన అట్లాస్ ఉంది. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి. నాజీల పాలనలో మరణశిక్షకు గురైన కనీసం 1,377 మంది దేహాలు అక్కడి అనాటమీ విభాగానికి చేరాయని 1998లో ఆ విశ్వవిద్యాలయం జరిపిన విచారణలో తేలింది. అయినా కొందరు సర్జన్లు చిక్కు ఆపరేషన్లలో ఆ పుస్తకం తెరుస్తారు. వాళ్ళు తెరవగా లేనిది కవి తెరిస్తే తప్పా? తేడా ఉందనుకుంటాను. సర్జన్ ముందు బతకాల్సిన మనిషి ఒకరుంటారు. కవి ముందు ఖాళీ పేజీ ఉంటుంది. అవసరం తక్కువైన చోట అప్పు ఎక్కువవుతుంది.

అలాగని పుర్రెల మీద కవిత్వం మానేయమని కాదు. సొంత ఎక్స్‌రే ఉంది, ఈసీజీ గీత ఉంది. చావు గురించి మాట్లాడ్డానికి సొంత వెన్నెముక చాలదా? తెలిసే సంతకం పెట్టి దేహాన్ని ఇచ్చినవాళ్ళున్నారు. పాత బొమ్మలే కావాలంటే మాత్రం కింద చిన్న గమనిక పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఆ సంగతి కవిత ఆకారంలోకే రావాలి.

దానికి దారి మన బంధకవిత్వంలోనే ఉంది. మాఘుడు శిశుపాలవధలో ఒక చక్రబంధం లోపల తన పేరూ కావ్యం పేరూ దాచాడు. చక్రం గీసి, సరైన వలయం వెంట చదివితే కవి దొరుకుతాడు. దేహబంధం రాసేవాళ్ళు ఆ వలయాన్ని మరొకరికి వదిలేయొచ్చు. పేరు పట్టేటన్ని గళ్ళు గీసి, ఖాళీగా ఉంచొచ్చు. చదివేవాళ్ళు అక్కడ ఆగి, ఇక్కడ ఎవరో ఉండాలి కదా అనుకుంటారు.