గృహమున జలశోభ

నూతనముగా గృహములు నిర్మించుకొనువారిలో కొందరు నేడు ముందుగదిలోనే చిన్న ఫౌంటెనును అమర్చుకొనుచున్నారు. రాతిపలకమీదుగా నీరు జాలువారుచుండును, అడుగున రంగురాళ్లు, వానిపై విద్యుద్దీపము. ఈశాన్యమున నుంచినచో ధనము ప్రవహించునని అమ్మువారు చెప్పుదురు. ధనము మాట యటుండనిండు. నీటిని కేవలము కంటిపండుగకై ఇంట నిలుపుకొనుట గృహస్థునకు తగునా యనునది విచారింపవలసిన విషయము.

నీటి యందమును కోరుట దోషము కాదు. కాళిదాసు మేఘసందేశమున యంత్రధారాగృహమును స్మరించెను. భోజరాజు సమరాంగణసూత్రధారమున జలయంత్రగృహముల నిర్మాణమును వివరించెను. నారములనగా జలములు, అవి నివాసముగా గలవాడు నారాయణుడు అని పెద్దలు చెప్పిన వ్యుత్పత్తిని ఎరిగిన వైష్ణవునకు పారు నీటిని చూచినంతనే మనసు కరగుట సహజము.

హుజూరాబాద్ ప్రాంతమందలి పాత భవంతి యిండ్లలోను జలశోభ యుండెడిది. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, వానకాలమున నాలుగు చూరుల నుండి దానిలోనికి దిగు ధారలు, మూలను నీళ్ల గోలెము. ఆ ధారలను చూచుచు కూర్చుండుట పిల్లలకు పండుగయే. అయితే ఆ నీటికి శోభతోపాటు పనియు నుండెను. గోలెములోని నీటితో బయటినుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొనెడివారు, కడిగిన నీరు చెట్లపాదులకు పోయెడిది.

తిరువారాధనమున అర్ఘ్యపాద్యాచమనీయములను స్వామికి సమర్పించునది ఉద్ధరిణితో. క్షీరాబ్ధిశాయికి ఉద్ధరిణెడు నీరు చాలును! అదియు వృథా పోదు, తీర్థమై భక్తుల చేతులలోనికి వచ్చును.

ఇంటి కుళాయిలోని నీటికిని ఒక చరిత్ర కలదు. పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరామసాగరమునకు 1963లో శంకుస్థాపన జరిగినది. అక్కడ బయలుదేరు కాకతీయ కాలువ కరీంనగరు చెంతనున్న దిగువ మానేరు జలాశయమును చేరి, మరల అచటినుండి సాగి హుజూరాబాద్ వైపు పొలములను తడుపుచున్నది. ఆ జలాశయముల క్రింద ఊళ్లకు ఊళ్లు మునిగినవి. పుట్టిన ఊరిని, పండిన పొలమును విడిచిపోయినవారి త్యాగము ఆ నీటిలో కలిసియున్నది. అట్టి నీటిని ఆటవస్తువుగా చూచుటకు చేయి జంకవలెను.

యంత్రములో తిరుగునది మరల మరల అదే నీరు కదా, ఆవిరియైనంత మాత్రమే కొత్తగా పోయుదురు కదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే. కుళాయిని వదలివేసి ముచ్చటలాడువాడు అంతకన్న నెక్కువ నీటిని పాడుచేయును; అట్టివానికి ఫౌంటెనును తప్పుపట్టు అధికారము లేదు. కాని ఇది కొలతతో తీరు ప్రశ్న కాదు. పోతన తెనిగించిన భాగవత నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక కృశించిన ఆ రాజు, దొరికిన ఆహారమును వచ్చిన అతిథులకు పంచిపెట్టెను. తుదకు ఒక్కని దప్పి తీర్చునంత నీరు మిగిలెను. త్రాగబోవు వేళకు దప్పిగొన్న పుల్కసుడొకడు వచ్చి యాచించెను. రాజు ఆ నీటిని వానికి పోసెను. ఆ పాత్రలో నీరెంత యని భాగవతము లెక్కింపలేదు.

లోపల నీటి సవ్వడి వినవచ్చుచుండగా, వీథిలో ఎండకు వాడిన కూలివాడు గేటు బయట నిలిచి చెంబెడు నీళ్లడిగినచో, ఆ యింటివారు ఏమి చేయుదురు? ఫౌంటెను ధర్మమో అధర్మమో ఆ క్షణమున తేలును. ఇల్లందకుంట సీతారామచంద్రస్వామి కల్యాణము చైత్రపుటెండలలో జరుగును. అట్టి దినములలో ఇంటిముందు కుండ నుంచి చలివేంద్రము నడుపు గృహస్థుని ముందుగదిలో నీటిధార యున్నను దానిని ఎవరు నిందింతురు?

ఇక అమర్చుకొనినవారు నీటిని వారమునకొకసారి తప్పక మార్చవలెను, నిలిచిన నీట దోమలు పుట్టును. రంగులు, మందులు కలుపనిచో ఆ నీటిని మురుగుకాలువలో పారబోయక పెరటిలోని పూలమొక్కలకు పోయవచ్చును. అక్కడ పూచిన పూవు మరునాటి అర్చనకు వచ్చును.