చాలునను సంపద



పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమందు ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలోనున్న బసవకల్యాణమే ఆ నగరము. 1956 వరకు అదియు హైదరాబాదు రాష్ట్రములోనిదే. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి జంగమార్చన సల్పుట ఆయన ధర్మపత్ని లక్కమ్మ వ్రతము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె హెచ్చుగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఈ హెచ్చు మనకేల యని ప్రశ్నించి, మిగులు గింజలను తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను మరలించెను. అవి దొంగిలించినవి కావు. అయినను అవసరమును మించినది ఆశకు వాకిలి యగునని ఆ తల్లి యెఱుగును.

ఈ కథ ఆనాటితో ముగియలేదు. పాతబస్తీలో నేడును నడచుచునే యున్నది. శాలిబండ నుండి పత్తర్‌గట్టిలోని బట్టల దుకాణమునకు నిత్యము సైకిలుపై పనికి పోవు ఒక గృహస్థుని తలచుకొనుడు. చార్మినారు చుట్టుపట్ల ఇరుకు సందులలో మోటార్లు నిలిచిపోయినప్పుడు దారి చూచుకొని సాగునది ఆ సైకిలే. ఏండ్ల తరబడి బియ్యపు మూటను, బడికి పోవు కూతును మోసినదియు అదియే. అయినను అంగడిలో గేర్లుగల క్రొత్త సైకిలును చూచినది మొదలు, అతనికి తన బండి గీతలు కనబడునే గాని సేవ కనబడదు. వాయిదాలపై కొందమా యని లెక్కలు వేయును. ఆ వాయిదా ఎచ్చటినుండి వచ్చును? కూతురి పుస్తకములనుండి, సోమవారము ఇంటికి వచ్చు జంగమయ్యకు పెట్టు అన్నమునుండి! కాయకము కొఱకైన వాహనము దాసోహమునే మ్రింగివేయును. అపాయమంతయు ఇచ్చటనే కలదు.

పోనీ, ఆ క్రొత్తదనమెంత? దాదాపు సమానమైన రెండు చక్రములు, వెనుక చక్రమును త్రిప్పు గొలుసు గల రోవర్ సైకిలును ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ 1885లో వెలయించెను. సైకిలునకు గాలి టైరు తగిలించిన డన్‌లప్ 1888లో పేటెంటు పొందెను. నేటి సైకిలు ప్రాణమంతయు ఆ రెంటిలోనే యున్నది. గేర్లు ఎత్తులెక్కువారికి శ్రమ తగ్గించును. చదునైన బాటపై కొద్ది దూరము పోవువానికి అవి లేని లోటు లేదు.

అట్లని అరిగిన బ్రేకును మార్చకుండుట తృప్తి గాదు, అజాగ్రత్త. గొలుసునకు నూనె వేయుట, సడలిన పుల్లలను బిగింపించుట, పంక్చరు వేయించుట – ఇవి బండిపట్ల కృతజ్ఞత. వానికిచ్చు నాలుగు రూకలు వీధిమూల మరమ్మతు చేయువాని కాయకమును నిలుపును. బండి మోయలేనిదైనను, ఒడలు త్రొక్కలేనిదైనను వేరొకటి కొనుట దోషము కాదు. అవసరమడిగినచో కొనవచ్చును, ఇరుగువాని బండి అడిగినచో కొనరాదు.

గురువు దీక్షాసమయమున కరస్థలమందుంచిన ఇష్టలింగమును భక్తుడు యావజ్జీవము ధరించును. అంతకంటె పెద్దది, అంతకంటె మెఱయునది కావలెనని వెదకడు. లింగమునకు సైకిలు సాటి యని గాదు. లింగమునందు నేర్చిన నిలుకడ నిత్యవ్యవహారమందును కనబడవలెననుటయే భావము.

కావున బండి మార్చుకొనవలెనను తలపు పుట్టిన నాడు లక్కమ్మ ప్రశ్నను స్మరింపుడు: ఈ హెచ్చు మనకేల? సమాధానము దొరకనిచో గొలుసునకు నూనె వేసి, మిగిలిన ధనమును దాసోహమునకు సమర్పింపుడు.