వడ్డించే చేతి బాధ్యత

పండుగనాడు గుడిలో చక్కెర పొంగలి వడ్డిస్తూ "ఇంకొంచెం వేసుకోండి, ప్రసాదమేగా, కాదనకూడదు" అంటాం. ఎదుటివారికి షుగరుందని తెలిసినా అంటాం. ఇది భక్తా, మొహమాటపెట్టడమా? తినేది వారి ఇష్టమే అనుకోవచ్చు గానీ, పదిమందిలో వద్దనడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే ప్రసాదానికి వచ్చిన లోటేమీ లేదు.

మన పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులున్నాయి. మనకు అరగని పీచే వాటికి ఆహారం. దాన్ని పులియబెట్టి అవి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. ఇవి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలకు తోడ్పడతాయి, ఆ హార్మోను ఇన్సులిన్‌ను పెంచుతుంది. 2018లో చైనా పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశీలనలో, ఒకే మందు వాడుతున్న టైప్ 2 రోగుల్లో పీచు బాగా పెంచినవారికి షుగరు మరింత అదుపులోకి వచ్చింది. అయితే రోగులు 43 మందే. కాబట్టి మందులు మానేయమని వైద్యులుగా మేము చెప్పం. సీసాల్లో అమ్మే ప్రోబయాటిక్ మాత్రల మీదా మాకంత నమ్మకం లేదు.

శ్రావణంలో వాయనమిచ్చే నానబెట్టిన శనగల మీద మాత్రం ఉంది! పెద్దలు సూక్ష్మజీవుల కోసమే ఆ ఆచారం పెట్టారని గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. శనగల్లో పీచుంది, అంతే.

ఈ నవరాత్రులకు మన వంటశాలలో పెద్ద గిన్నె గుగ్గిళ్ళకూ, చిన్న గరిటె పొంగలికీ ఉంచుదాం. పీచు అలవాటు లేనివారు కొద్దికొద్దిగా మొదలుపెట్టండి, లేకపోతే కడుపుబ్బరం తప్పదు.