నొప్పి దాచుకోకు నాయనా

ఆళ్లగడ్డ



ఖడక్‌వాస్లా నుంచి నీకు పిలుపు వచ్చిందని మీ నాన్న చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. యూపీఎస్సీ రాత పరీక్ష, ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, మెడికల్, అన్నీ దాటుకుని నంద్యాలలో ఇంటర్ చదివిన పిల్లోడు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) గడప తొక్కడం చిన్న సంగతి కాదు. అయితే నువ్వు తీసుకుపోయే సామాన్ల లిస్టు మీ నాన్న ఫోన్లో చదువుతుంటే ఒక్క చోట నా మనసు ఆగిపోయింది. నొప్పి బిళ్లలు, నాలుగు షీట్లు. ఈ ఉత్తరం దానికోసమే రాస్తున్నా.

ఫౌజులో ఉండగా కొన్నేళ్లు ఒక అకాడమీలో డ్రిల్ ఉస్తాదుగా చేశానని నీకు తెలుసు. నీ ఈడు పిల్లలను ఎండలో నిలబెట్టి అరిచినవాణ్ణి, వాళ్ల భుజాల మీదికి నక్షత్రాలు రాగానే వాళ్లకే సెల్యూట్ కొట్టినవాణ్ణి. ఆ పిల్లలు ఏం దాచేవాళ్లో, ఎందుకు దాచేవాళ్లో దగ్గరుండి చూశాను.

తెల్లారుజామున ఐదు కాకముందే లేస్తావు. గడ్డం నున్నగా గీసుకోవాలి, పక్క మీద ముడత కనబడకూడదు, బూటు ముక్కులో మొహం కనబడాలి. పీటీ, డ్రిల్, సూడాన్ బ్లాకులో క్లాసులు, మధ్యాహ్నం ఆటలు, రాత్రి మెస్సులో నిటారుగా కూర్చుని భోజనం. పనికొక డ్రెస్సు, మార్చుకోను నిమిషాలే టైము. ఎక్కడికి పోవాలన్నా సైకిళ్ల మీద వరస కట్టి పోవాలి. నిద్రంతా క్లాసులోనే ముంచుకొస్తుంది. అక్కడే మెలకువగా ఉండాలి, ఎందుకంటే మూడేళ్ల చివర జేఎన్‌యూ డిగ్రీ ఉత్తినే చేతికివ్వదు. ఒకడు ఆలస్యమైతే అందరికీ రగడా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష. తారు రోడ్డు మీద ఫ్రంట్ రోల్స్ కొట్టిన రోజు రాత్రి వీపు మంచానికి ఆనదు. హిందీ ఆర్డర్లు మొదట్లో చెవికి ఎక్కవు, పక్కవాణ్ణి చూసి తిరుగుతావు. కేసీ కాలువలో ఈదినవాడివి కాబట్టి నీళ్ల భయం లేదు గానీ, పది మీటర్ల బోర్డు మీద నుంచి దూకమన్నప్పుడు కాళ్లు వణుకుతాయి. వణికితే వణకనీ, దూకు. ఇవన్నీ పడాల్సిన కష్టాలే. వీటిని తగ్గించమని నేనెవర్నీ అడగను.

ఒకరోజు పొద్దున డ్రిల్ చేయిస్తున్నా. థమ్, అంటే ఆగు, అన్నాను. ముప్పై మడమలు ఒక్క దెబ్బగా పడాల్సిన చోట ఒకటి మెత్తగా, అర క్షణం ఆలస్యంగా పడింది. మళ్లీ నడిపించాను, మళ్లీ అదే. చెవితో వెతుక్కుంటూ వెళ్లి మూడో వరసలో ఒక పిల్లోడి ముందు ఆగాను. మొహంలో ఏమీ లేదు, పై పెదవి మీద మాత్రం చెమట. పక్కకు తీసుకుపోయి బూటు విప్పించి మేజోడు దించితే, మోకాటి కింది ఎముక మీద చింతగింజంత చోట వేలు ఆనిస్తేనే ఎగిరిపడ్డాడు. పదిహేను రోజులుగా బిళ్లలు మింగి పరిగెత్తుతున్నాడంట. ఎందుకు చెప్పలేదురా అంటే, కోర్స్‌మేట్లు పనిదొంగ అనుకుంటారు ఉస్తాద్ అన్నాడు. అది ఎముకలో పగులు. ఆ టర్మ్ వాడికి పోయింది, ఆర్నెల్లు వెనకబడి పాసయ్యాడు. వారం ముందు నోరు విప్పి ఉంటే ఆ ఆర్నెల్లు మిగిలేవని డాక్టరు చెప్పాడు.

పరుగు పెంచిన కొన్ని వారాలకే కండ గట్టిపడుతుంది. ఎముకకు అంత తొందరగా సత్తువ రాదు. కండ ఇచ్చిన ధైర్యంతో నువ్వు దూరం పెంచుతావు, భారం ఎముక మీద పడుతుంది. రాతి నేల మీద మడమ కొట్టే ప్రతి దెబ్బా అక్కడికే చేరుతుంది, నిద్ర చాలక అది పూడుకోదు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు. బిళ్ల వేసుకుంటే పగులు అతకదు, పగిలిందన్న కబురు మాత్రం నీకు అందకుండా పోతుంది. అందుకే చేరేలోపు అహోబిలం రోడ్డు పక్కన మట్టి బాటలో, వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ పరిగెత్తు. ఒక్కసారిగా పది కిలోమీటర్లకు పోవద్దు.

మనవాళ్లు నీకు దండలు వేసి, రేనాటి గడ్డ బిడ్డ, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వారసుడు అని మైకులో చెప్తారు. కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరికంబం ఎక్కిన ఆయన మీద నాకున్న భక్తి నీకు తెలుసు. కానీ ఆ దండల బరువు నీ నోరు నొక్కేస్తుందేమోనని నా భయం. ఓర్చుకో, మగోడివి అంటారు. 2022లో మొదటిసారి ఎన్‌డీఏలో చేరిన ఆడపిల్లలు 17 మంది 2025 మే 30న అక్కడి పరేడ్ గ్రౌండు నుంచే పాసయ్యారు. ఓర్పుకూ మగతనానికీ సంబంధం లేదు. ఇంకొందరు మన శిల్పుల వీధి చూపించి, ఉలి దెబ్బలు తింటేనే రాయి దేవుడవుతుందంటారు. రాయికి నోరు లేదు నాయనా, నీకుంది. మంచి శిల్పి కూడా రాయి పలికే చప్పుడు విని, లోపల బీట ఉందని తెలిస్తే సుత్తి ఆపుతాడు.

ఆర్నెల్లు వెనకబడితే పరువు పోతుందని అనుకోకు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. క్యాడెట్ అంటే ఇంకా కమిషన్ అందుకోనివాడు. శిక్షణలో దెబ్బ తగిలి శాశ్వతంగా పనికిరాడని ఇంటికి పంపిస్తే మాజీ సైనికుడనే హోదా రాదు. ఎక్స్‌గ్రేషియా పేరుతో కొంత డబ్బు వస్తుంది. మంచాలకు అతుక్కుపోయిన పిల్లలున్నారు వాళ్లలో. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ సంగతిని తనంతట తానే విచారణకు తీసుకుంది, ఆ నెలాఖరులోనే కేంద్రం వాళ్లకూ మాజీ సైనికుల వైద్య పథకం వర్తింపజేసింది. ఏళ్ల కిందటే జరగాల్సిన పని అది. వాళ్లందరూ నొప్పి దాచుకున్నవాళ్లు కారు, చాలామందివి ఎవరూ ఆపలేని ప్రమాదాలు. ఆపగలిగింది నువ్వు ఆపుకో అనే నేను చెప్పేది.

ఇది ఒంటి సంగతి మాత్రమే అయితే ఇంత దూరం రాయను. నాలుగేళ్లకు ముప్పై మంది నీ మాట మీద నడుస్తారు. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి కల్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు మరో పంతొమ్మిది మంది ప్రాణాలిచ్చారు. సూర్యాపేట బిడ్డ ఆయన, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, నువ్వు పోయే చోటే శిక్షణ పొందాడు. అట్లాంటి చీకట్లో జవానుకు ఉన్న ఆధారమల్లా అధికారి మాటే. కాలు విరిగినా బాగానే ఉందని చెప్పడం అలవాటైనవాడు, దారి తప్పినా వైర్‌లెస్‌లో బాగానే ఉందనే చెప్తాడు. నైట్ నావిగేషన్‌లో చూశాను. తెలియదని చెప్పి మ్యాపు పరిచినవాడి జట్టు ఆలస్యంగానైనా చేరింది. తెలిసినట్టు నటించినవాడి జట్టును తెల్లారాక మేమే పోయి తెచ్చుకున్నాం.

కోర్స్‌మేట్ తప్పు చేస్తే వాడితో పాటు శిక్ష పంచుకో, పేరు చెప్పి తప్పించుకోవద్దు. అయితే వాడు పరీక్షలో కాపీ కొట్టి, నువ్వు సాక్షిగా అబద్ధమాడమంటే ఆడొద్దు. వాడు నీతో మాట్లాడడం మానేసినా సరే. సీనియర్ రగడా ఇస్తే తీసుకో. చెయ్యి చేసుకున్నా, డబ్బు అడిగినా, బట్టలు విప్పమన్నా నేరుగా డివిజనల్ ఆఫీసర్ దగ్గరికి పో. అది చాడీ కాదు, నువ్వు చేయాల్సిన పని.

మీ అమ్మ ఫోన్లో అడిగితే అన్నీ వివరించి ఏడిపించకు. అట్లాగని బ్రహ్మాండంగా ఉందని కూడా చెప్పొద్దు. అలసటగా ఉందమ్మా, తింటున్నా అను, ఆమెకు అంత చాలు.

బిళ్లల షీట్లు కొనొద్దని మీ నాన్నకు చెప్పేశాను. వాటి బదులు మంచి మేజోళ్లు ఆరు జతలు పెట్టుకో. మూడో టర్మ్‌కు వచ్చేసరికి నీ కింద పిల్లలు చేరి ఉంటారు. వాళ్లలో ఎవడైనా కాలు మెత్తగా వేస్తే, అడక్కముందే వాణ్ణి సైకిలెక్కించి డాక్టరుండే ఎంఐ రూముకు తీసుకుపో.

ఇట్లు
మీ చిన్నాయన