తొలగింపు, పూర్వపక్షం: నాస్తిక సమూహాల విషయంలో సమన్యాయం

2008 జనవరిలో మైస్పేస్ అనే సామాజిక మాధ్యమం సుమారు 35 వేల మంది సభ్యులున్న నాస్తిక, అజ్ఞేయవాద సమూహాన్ని తొలగించింది. 2016లో ఫేస్‌బుక్‌లోని పలు అరబ్బీ నాస్తిక సమూహాలు సామూహిక ఫిర్యాదుల తరువాత మూతపడ్డాయి.

ఇటువంటి మాధ్యమాల నియమావళిలో నాస్తికుల పట్ల వివక్ష కనిపించదు. మతం కారణంగా ఎవరినీ ద్వేషించరాదన్న నిబంధన అందరికీ ఒక్కటే. అసమానత అమలులో పుడుతుంది. ఫిర్యాదు చేసేవారు ఎక్కువైన చోట బాధ కూడా ఎక్కువని లెక్క. అందువల్ల ‘దేవుడు లేడు’ అన్న వాక్యం గాయంగా నమోదవుతుంది. ‘నమ్మనివాడు నరకానికి పోతాడు’ అన్నది ప్రబోధంగా చెల్లుతుంది.

విశ్వాసి బాధ నటన కాదు. నాస్తిక సమూహాల్లోనూ వాదానికి బదులు హేళన రాజ్యమేలే సందర్భాలున్నాయి. ఆ వ్యాఖ్యలను తొలగించవచ్చు. కాని కొన్ని వ్యాఖ్యల దోషానికి సమూహాన్నే రద్దుచేసి, అదే కొలతను భక్త సమూహాలకు వర్తింపజేయకపోవడం న్యాయం కాదు.

14వ శతాబ్దికి చెందిన మాధవాచార్యుడు అద్వైతి. అయినా సర్వదర్శన సంగ్రహాన్ని చార్వాక దర్శనంతోనే ఆరంభించాడు. అది గౌరవం కాకపోవచ్చు. అయితే ఖండించాలన్నా ముందుగా ఆ వాదాన్ని గ్రంథంలో నిలపక తప్పలేదు. నేడు చార్వాకుల మాటలు ప్రధానంగా ప్రత్యర్థుల రచనల్లోనే మిగిలి ఉన్నాయి. తొలగించిన సమూహానికి ఆపాటి పూర్వపక్ష స్థానమైనా దక్కదు. ఏళ్ల తరబడి సాగిన చర్చతోపాటు, ఇంట్లో చెప్పుకోలేని సందేహంతో అక్కడికి వచ్చిన ఒంటరి పాఠకుడికి దొరికిన తోడు కూడా పోతుంది.