ఇడ్లీ ధర వెనక

2023 జూలైలో మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా కిలో వంద రూపాయలు దాటింది. ఆ పంటకు పేరుపడ్డ ఊళ్లోనే టిఫిన్ అంగడికి టమోటా చట్నీ బరువైంది. ఇడ్లీ ధర పెంచితే రోజూ వచ్చే కూలీ పక్క అంగడికి పోతాడు. వ్యాపారానికి వాడే 19 కిలోల గ్యాస్ సిలిండర్ ధర మాత్రం ఎవరినీ అడిగి పెరగదు.

కుప్పంలో బెంగళూరు రైలెక్కేవాళ్ల కోసం తెల్లవారకముందే పొయ్యి వెలగాలి. పుంగనూరు టీ అంగట్లో పాలకు చేతిలో డబ్బు పెట్టాలి, టీ మాత్రం ఖాతాలో పోతుంది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే. పిండి రుబ్బి, గిన్నెలు తోమే ఇల్లాలి కూలి ఏ లెక్కలోనూ ఉండదు. అది కూడా రాస్తే చాలా అంగళ్ల లాభం కరిగిపోతుంది. ఈ పొద్దు టిఫిన్ తిన్నవాళ్లు దయచేసి పాత బాకీ కూడా ఇచ్చి రండి.