మన పేరు ఎక్కడ వ్రాయబడియున్నది?

(చదువవలసిన భాగములు: మత్తయి 3:13-17, లూకా 10:17-20)



పదియవ తరగతి ఫలితములు వచ్చిన తరువాతి ఆదివారమున మన గుడులలో ఒక వాడుక ఉన్నది. ఆరాధన ముగియకముందు పాసయిన పిల్లలను ముందుకు పిలిచి, వారి మార్కులు చదివి, ఒక్కొక్కరికి ఒక బైబిలు, ఒక పెన్ను ఇచ్చి ప్రార్థన చేయుదుము. తల్లులు కొంగుతో కన్నులు తుడుచుకొందురు. తండ్రులు ఆ దినము కానుక కొంచెము ఎక్కువ వేయుదురు. ఇది మంచి వాడుకే. మిరపకోతకు పోయిన చేతులు పెంచిన పిల్లలు పుస్తకము పట్టి పైకి వచ్చుట చూచి సంతోషింపని కాపరి ఉండునా? నేనును పదిహేనేండ్లుగా ఈ పని సంతోషముగానే చేయుచు వచ్చితిని.

రెండేండ్ల క్రిందట అట్లే ఏడుగురు పిల్లలను పిలిచితిని. వారిలో ఒక బాలికకు 600కు 540 పైగా వచ్చినవి. ఆ మార్కులు రెండుసార్లు చదివితిని. ఎనిమిదవ పిల్లవాడు గుడికి రాలేదు. లెక్కలలో తప్పినాడు. మా సంఘములో డోలకు వాయించువాడు అతడే. ఆదివారము ఉదయము గంట కొట్టువాడును అతడే. ఆ దినము గంట నేనే కొట్టితిని గాని, నేనేల కొట్టవలసి వచ్చెనో ఆలోచింపలేదు. మూడు ఆదివారములు డోలకు లేకయే పాటలు పాడిన తరువాత గాని ఆ ఇంటికి పోవలెనని నాకు తోచలేదు. ఇది నా తప్పిదము, దాచుకొనుట ఎందుకు?

పోయినప్పుడు అతని నాయనమ్మ అరుగు మీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. మనుమడేడని అడిగితిని.

“గొడ్లకాడ ఉన్నాడయ్యగారూ. పగలు పల్లెలోకి రావటంలేదు” అన్నది.

“దిగులుపడవద్దమ్మా. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది గదా. మరల వ్రాసిన పాసగును. ధైర్యముగా ఉండమని చెప్పు” అంటిని.

ఆమె ఒక గింజ తీసి చేటలో వేసి, నా వైపు చూచి, “అది సరేనయ్యగారూ, వాడికి బాప్తిస్మమిచ్చిన నాడు మార్కులు అడిగారా?” అన్నది.

ఎత్తిపొడుపుగా అన్న మాట కాదు. నిజముగా తెలిసికొనగోరి అడిగినట్లే అడిగెను. పాసయినవాళ్లనే దేవుని ముందుకు పిలిచారని ఆ పిల్లవాడు ఇంటిలో చెప్పుకొని ఏడ్చెనట. నేను పిలిచినది బల్లయొద్దకు. అతడు విన్నది దేవుని ముందుకని. పదునారేండ్ల పిల్లవానికి ఆ రెంటికి భేదము తెలియకపోవుట అతని తప్పా?

ఇంటికి వచ్చి మొదటి సమూయేలు గ్రంథము పదునారవ అధ్యాయము తీసితిని. యెష్షయి తన కుమారులలో ఏడుగురిని వరుసగా ప్రవక్త ముందు నిలువబెట్టెను. గొఱ్ఱెల యొద్దనున్న ఎనిమిదవవాడు తండ్రికి జ్ఞాపకమే రాలేదు. ఇంకెవరైన ఉన్నారా అని సమూయేలు అడిగిన పిమ్మట గాని ఆ చిన్నవానికొరకు మనుష్యుని పంపలేదు. అతడు వచ్చువరకు వారెవరును భోజనమునకు కూర్చుండలేదు. నేనైతే అడుగకయే ఆశీర్వాదము పలికి, ఇంటికి పోయి అన్నము తింటిని.

ఈ సంగతి ఒక పల్లెకు, ఒక పిల్లవానికి చెందినది మాత్రమే కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు ప్రకటింపబడిన తరువాత కొద్ది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. ఆ తరువాత జవాబు పత్రములు మరల చూడగా, తప్పినవారని చెప్పబడినవారిలో వేయిమందికి పైగా పాసయినట్లు తేలినది. అంకెలోనే పొరపాటు ఉండెను. అంకె సరియైనదే అయినను, ఒక బిడ్డ బ్రదుకదగునో లేదో చెప్పు అధికారము ఆ కాగితమునకు ఎవరిచ్చిరి? ప్రభుత్వము ఇయ్యలేదు. బడియును ఇయ్యలేదు. మనమే ఇచ్చితిమి: ఇంటిలో, అరుగు మీద, పెండ్లి మాటలలో, చివరకు గుడిలో.

మనుష్యుని విలువ ఎక్కడనుండి వచ్చునని అడిగినయెడల, మన ప్రభువు యొర్దానులో దిగిన దినమును చూడవలెను. అప్పటికి ఆయన ఏమి చేసియుండెను? ఒక్క రోగిని బాగుచేసినట్లు మత్తయి అంతవరకు వ్రాయలేదు. ఒక్క ప్రసంగము లేదు, ఒక్క శిష్యుడు లేడు. ముప్పది యేండ్లు నజరేతులో వడ్లవాని యింట ఉండెను. అట్టి దినమున, పని మొదలుపెట్టకముందే, ఈయన నా కుమారుడు, ఈయనయందు నాకు ఆనందమని తండ్రి పరలోకమునుండి తెలియజేసెను. మనమైతే, పని చేసి చూపుము, పిమ్మట కొడుకని పిలిచెదమందుము. ఆ వెంటనే అరణ్యములో శోధకుడు పట్టుకొన్నదియు ఈ మాటనే. నీవు కుమారుడవైతే రాళ్లను రొట్టెలు చేసి ఋజువు చేయుమనెను. ప్రభువు ఋజువు చేయలేదు. తండ్రి చెప్పిన మాటకు మరియొక సాక్ష్యము ఆయనకు అక్కరలేకపోయెను.

డెబ్బదిమంది శిష్యులు సంతోషముతో తిరిగి వచ్చినప్పుడు ఆయన వారికి చెప్పిన సంగతియు దీనికి చేరినదే. దయ్యములు తమకు లోబడెనని వారు చెప్పుకొనిరి. అది అబద్ధము కాదు, చిన్న పనియు కాదు. అయినను దానినిబట్టి సంతోషింపక, తమ పేరులు పరలోకమందు వ్రాయబడినందుకు సంతోషింపుమని ఆయన వారికి బోధించెను. ఎందుకనగా రేపు దయ్యము లోబడకపోవచ్చును. అదే సువార్తికుడు మరియొక ఊరికి పోయి వట్టి చేతులతో రావచ్చును. పనినిబట్టి వచ్చిన సంతోషము ఆ దినము పోవును. పేరు మాత్రము చెరిగిపోదు.

మన ఒంగోలు సీమ చరిత్రలోనే దీనికి ఒక సాక్ష్యమున్నది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనుచుండిరి. ఆ దినములలో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు పట్టి, ఆకలిగొన్న మన పల్లెవాండ్రకు పని చూపిరి. ఆయన మిషనెరీ కాకముందు సర్వే పని నేర్చినవారు గనుక మట్టి లెక్క తెలిసినవారు. మట్టి పనికి కొలత లేక కూలి లేదు. వేసవిలో చెరువు పనికి పోయినవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. గుంత లోతు తగ్గిన కూలి తగ్గును. ఆ కూలి కొన్ని వేల ప్రాణములు నిలిపినది; కొలతను నేను తక్కువ చేసి మాటలాడుటలేదు.

అయితే ఆ కరువు నెలలలో అనేకులు బాప్తిస్మము అడిగినను ఆయన ఇయ్యలేదు. గంజికొరకు వచ్చిరను మాట రాకూడదని ఆగిరి. కరువు సాయము ముగిసిన పిమ్మట, ఇక ఇచ్చుటకు కూలి లేనప్పుడు, వారు మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు పాదిరులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలిచి, ఆ పని చేసిరి. వారి విశ్వాసమును విచారించిరే గాని, ఎన్ని గజముల మట్టి త్రవ్వితిరని ఎవరును అడుగలేదు. వారిలో అధికసంఖ్యాకులు మాదిగ పల్లెలవారు, అక్షరము రానివారు. కాలువ గట్టున లెక్కకు ఎక్కిన మనుష్యులలో అనేకులే ఈ నదిలోనికి దిగిరి. అక్కడ పనికి కూలి వచ్చెను. ఇక్కడ కూలి కానిది దొరికెను. వారి పుట్టుకను పట్టి ఊరు వారిని కొలిచియుండెను. ఆ కొలత నదిలోనికి రాలేదు. వారి మునిమనుమలమైన మనము ఇప్పుడు మార్కుల టేపు తెచ్చి మన పిల్లలను మనమే కొలుచుచున్నామేమో!

చదువు అక్కరలేదని ఈ అయ్యగారు వ్రాసెనని ఎవరును చెప్పకుందురు గాక. గుడి వెంట బడి కట్టిన మిషను బిడ్డలము మనము. పౌలును చూడుడి. తన వంశము, తన గోత్రము, ధర్మశాస్త్రమందు తన నిష్ఠ అన్నియు ఫిలిప్పీయుల పత్రిక మూడవ అధ్యాయములో ఒక్కొక్కటిగా లెక్కించి, క్రీస్తు నిమిత్తము నష్టముగా ఎంచెను. అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండెనా? మిగిలిన అపొస్తలులకంటె ఎక్కువ ప్రయాసపడితినని ఆయనే కొరింథీయులకు వ్రాసి, అదియు కృపయే అని చేర్చెను. నా అనుభవములో, తప్పిన ఇంటిలో చోటుండునని తెలిసిన పిల్లవాడు మరల పుస్తకము తీయును. చోటు లేదనుకొన్నవాడు గొడ్లకాడ దాగుకొనును.

ఇంతవరకు పిల్లల సంగతి చెప్పితిని. నా సంగతి మిగిలియున్నది. ప్రతి సంవత్సరాంతమున మేము ఫీల్డు ఆఫీసుకు రిపోర్టు వ్రాయవలెను: బాప్తిస్మములెన్ని, వివాహములెన్ని, కానుకలెంత. ఒక సంవత్సరము బాప్తిస్మముల గడిలో సున్న వేయవలసి వచ్చెను. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ప్రక్క గ్రామపు పాస్టరుగారికి పదునాలుగు అని తెలిసి, ఆయనతో కొన్ని దినములు సరిగా మాటలాడలేదు. 2,222 అను అంకెను ప్రసంగములలో నేనెన్నిసార్లు ఎత్తి చెప్పితినో! దేవుని కృపను చూపుటకు చెప్పితినా, ఆ అంకెనీడలో నేనును కొంచెము పెద్దవాడనై కనబడుటకు చెప్పితినా? రెండును ఉండెను. ఆ పిల్లవానికి లెక్కలలో తక్కువ వచ్చెను. నాకు రిపోర్టులో తక్కువ వచ్చెను. అతడు గొడ్లకాడికి పోయెను. నేను చొక్కా తొడుగుకొని ప్రసంగపీఠము ఎక్కితిని గాని, దాగుకొన్నది ఇద్దరమును.

నిరుటినుండి మా గుడిలో పరీక్ష వ్రాసిన పిల్లలందరిని పేరు పెట్టి ముందుకు పిలుచుచున్నాము. మార్కులు చదువుటలేదు. బైబిలు అందరికి ఇచ్చుచున్నాము. సంఘపెద్దలలో ఇద్దరికి ఇది నచ్చలేదు. కష్టపడి చదివినవానికి, చదువనివానికి భేదము లేకపోయిన పిల్లలు చెడిపోవుదురని ఒకరు కమిటీలో గట్టిగానే వాదించిరి. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. ఆ సాయంకాలము 540 పైగా తెచ్చుకొన్న బాలికను ఇంటికి పిలిచి, నా భార్య వండిన పాయసము పెట్టి, చదువు సంగతులు అడిగి తెలిసికొంటిమి. ఆ సంతోషమునకు ఇల్లు తగిన చోటని మాకు తోచినది. కమిటీలో ఈ చర్చ ఇంకను నడుచుచున్నది.

ఆ పిల్లవాడు సప్లిమెంటరీ వ్రాసినాడు గాని, మరల తప్పినాడు. ఇప్పుడు చీమకుర్తిలో గ్రానైటు పాలిషు పనికి పోవుచున్నాడు. రాతిపొడి పట్టి చేతులు తెల్లబడియుండును. శనివారము రాత్రి బస్సుకు ఇల్లు చేరి, ఆదివారము తెల్లవారుజామున వచ్చి గంట కొట్టుచున్నాడు. పోయిన నెలలో డోలకు తోలు పగిలిన, తన కూలిలోనుండి క్రొత్తది వేయించినాడు. నాతో ముందు చెప్పలేదు. పాట మొదలైన తరువాత మ్రోతనుబట్టి నాకు తెలిసినది.